ఆఖరి సైనికుడికి పెట్టిన దండం ఎవరికి చెందుతుంది?

జనవరి 26 పొద్దున్న టీవీలో ఢిల్లీ పరేడ్ పెట్టని ఇల్లు తక్కువే. ఓ చేత్తో ఉప్మా కలుపుతూనే ఓ కన్ను అటు వేసి ఉంచుతాం. శకటాలు వచ్చేసరికి పిల్లలు కేకేస్తారు. మన రాష్ట్రం శకటం వచ్చిందో లేదో చూసేసి మళ్ళీ వంటింట్లోకి వచ్చేస్తాం. కానీ శకటాల కంటే చాలా ముందు, పరేడ్ మొదట్లోనే, జీపుల్లో నిలబడి రాష్ట్రపతికి సెల్యూట్ చేస్తూ వెళ్ళే కొద్దిమందిని ఎప్పుడైనా గమనించారా? వాళ్ళ గుండెల మీద పరమవీర చక్రం, అశోక చక్రం ఉంటాయి. అంత పెద్ద సైన్యంలో అందరికంటే ముందు నడిచే గౌరవం వాళ్ళది.

పరమవీర చక్రం ఇప్పటిదాకా ఇచ్చింది 21 మందికే. అందులో 14 మందికి ప్రాణం పోయాకే ఇచ్చారు. అంటే ఆ పతకాన్ని తన చేతులతో తాను అందుకున్నవాళ్ళు ఏడుగురే నన్నమాట. 1971 యుద్ధం సంగతే తీసుకోండి. ఆ యుద్ధంలో నలుగురికి పరమవీర చక్రం వస్తే, బతికుండి అందుకున్నది మేజర్ హోషియార్ సింగ్ ఒక్కరు. ఆయన కూడా 1998 డిసెంబరులో కన్నుమూశారు. ఆ యుద్ధం తరఫున ఆ చక్రం పెట్టుకుని జీపులో నిలబడేవాళ్ళు ఇంక లేరు.

ఇది చదివినప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఒక యుద్ధంలో వీరులైనవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతూ, చివరికి ఒక్కరే మిగిలితే? ఆ ఒక్కరూ పోయిన రోజున దేశం ఏం చేస్తుంది?

మన ఇళ్ళల్లో ఈ పద్ధతి మనకి తెలుసు. ఏ పెళ్ళిలోనైనా ఆ తరంలో మిగిలిన ఒకే ఒక్క మామ్మగారిని వెతికి మరీ పీటల దగ్గర కూర్చోబెడతాం. మొదటి తాంబూలం ఆవిడకే ఇస్తాం. వంగి దండం పెట్టిస్తాం. ఆ దండం ఆవిడ ఒక్కరికే కాదు. ఆవిడ అత్తగారికి, తోడికోడళ్ళకి, ఆవిడతోపాటు ఆ వంటింట్లో కట్టెలపొయ్యి ఊది ఊది వెళ్ళిపోయిన అందరికీ కలిపి పెడతాం. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. అందుకే అక్షింతలు వేసేటప్పుడు ఆవిడ కళ్ళు చెమ్మగిల్లుతాయి.

దేశాలు కూడా ఈ పనే చేశాయి. కాకపోతే ఆ దండం అందుకున్నవాళ్ళు ఏమన్నారన్నదే నన్ను కదిలించింది.

ఊరేగింపు వద్దన్న తాతగారు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున చనిపోయినవాళ్ళు దాదాపు 14 లక్షల మంది. ప్రతి పల్లెలోనూ ఒక రాతి స్తంభం, దాని మీద పేర్లు. 2005లో అప్పటి అధ్యక్షుడు జాక్ షిరాక్ ఒక ప్రకటన చేశారు. ఆ యుద్ధంలో పోరాడిన సైనికుల్లో ఆఖరుగా మిగిలినవారు కన్నుమూసినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో, జాతి మొత్తం తరఫున అంత్యక్రియలు జరుపుతామన్నారు.

మంచి ఆలోచనే కదా! కానీ అప్పటికి మిగిలిన ముసలివాళ్ళకి అది నచ్చలేదు. లూయీ ద కాజనావ్ అనే ఆయన నాకక్కర్లేదని చెప్పేశారు. 2008 జనవరి 20న, 110 ఏళ్ళ వయసులో ఆయన పోతే మామూలుగా ఊళ్ళోనే సాగనంపారు. ఇంక మిగిలింది లజారె పొంతిచెల్లి ఒక్కరే.

ఈ పొంతిచెల్లి కథ వింటే మన పక్క పల్లెటూళ్ళో ఎవరి కథో విన్నట్టుంటుంది. పుట్టింది ఇటలీలో, 1897లో, కటిక పేద ఇంట్లో. పిల్లాడికి ఊహ తెలియకముందే తల్లి పొట్ట చేతపట్టుకుని ఫ్రాన్స్ వెళ్ళిపోవలసి వచ్చింది. తొమ్మిదో ఏటో ఎప్పుడో ఈ పిల్లాడు కూడా ఒంటరిగా రైలెక్కి పారిస్ చేరుకున్నాడు. పొగగొట్టాలు శుభ్రం చేశాడు, వీధుల్లో పేపర్లు అమ్మాడు. 1914లో యుద్ధం మొదలయ్యేసరికి పదహారేళ్ళు. వయసు ఎక్కువ చెప్పి విదేశీయుల దళంలో చేరిపోయాడు. తనకి అన్నం పెట్టిన దేశం కోసం పోరాడాలని.

మరుసటి ఏడు ఇటలీ కూడా యుద్ధంలోకి దిగింది. నువ్వు మావాడివి, మా సైన్యంలోకి రావాలంది. అతను వెళ్ళనన్నాడు. పోలీసుల కాపలాతో పంపించారు. అక్కడ కొండల్లో ఆస్ట్రియా సైన్యంతో పోరాటం. ఓసారి గుండు ముక్క ముఖానికి తగిలి రక్తం కళ్ళలోకి కారుతున్నా మెషిన్ గన్ వదల్లేదు. ఇటు ఫ్రాన్స్ పతకాలూ, అటు ఇటలీ పతకాలూ వచ్చాయి. మధ్యమధ్యలో ఇంకో సంగతి కూడా జరిగింది. ఆస్ట్రియా కందకాల్లోవాళ్ళూ, వీళ్ళూ కాల్చుకోవడం మానేసి, వీళ్ళ రొట్టె వాళ్ళకీ, వాళ్ళ పొగాకు వీళ్ళకీ ఇచ్చిపుచ్చుకున్నారు కొన్నాళ్ళు! పైవాళ్ళకి తెలిసి ఆ దళాన్ని అక్కణ్ణించి మార్చేశారు.

ఆయన ముసలితనంలో పదేపదే చెప్పిన జ్ఞాపకం ఒకటుంది. రెండు కందకాల మధ్య గాయపడి పడి ఉన్న ఒక జర్మన్ సైనికుడు ఈయన్ని చూసి రెండు వేళ్ళు చూపించాడట. తనకి ఇద్దరు పిల్లలని. ఈయన అతన్ని చంపలేదు, లాక్కెళ్ళి అతని వాళ్ళ దగ్గర వదిలాడు. కాలు పోయిన ఒక ఫ్రెంచి సైనికుణ్ణి కూడా అలాగే మోసుకొచ్చాడు. అతను ఈయన్ని కావలించుకుని తన నలుగురు పిల్లల తరఫున కృతజ్ఞత చెప్పాడట. మనం ఎవరి మీద తుపాకీ పేలుస్తున్నామో వాళ్ళు కూడా ఎవరో పిల్లలకి నాన్నలే, ఇంతకంటే తెలివితక్కువ పని ఉందా అన్నది ఆయన జీవితాంతం చెప్పిన మాట.

అలాంటి మనిషికి ఊరేగింపు కావాలంటే ఎలా ఒప్పుకుంటాడు? ముందు ససేమిరా అన్నారు. నాకంటే ముందు పోయినవాళ్ళకి ఎవరూ ఏమీ చెయ్యకుండా, ఆఖరివాడి దాకా ఆగి ఇప్పుడు నాకు చేస్తానంటే అది వాళ్ళని అవమానించడమేనన్నారు. కాజనావ్ కూడా పోయి తానొక్కడే మిగిలాక మనసు మార్చుకున్నారు. అయితే ఒక షరతు పెట్టారు. ఆర్భాటం ఉండకూడదు, చేసేది నాకు కాదు, పోయిన నా తోటివాళ్ళందరికీ అని.

2008 మార్చి 12న ఆయన పోయారు. వయసు 110. మార్చి 17న పారిస్‌లోని ఇన్వాలిద్ చర్చిలో అధ్యక్షుడు సర్కోజీ సమక్షంలో ప్రార్థన జరిగింది. దేశమంతా జెండాలు దించారు. తరవాత ఆయన్ని తీసుకెళ్ళి తన సొంత కుటుంబం సమాధిలోనే పెట్టారు. అంతకు నాలుగు నెలల ముందు, 2007 నవంబరు 11న కూడా ఆ పెద్దాయన ఏటా వెళ్ళినట్టే తన ఊరి స్మారక స్తంభం దగ్గరికి వెళ్ళి దండం పెట్టుకొచ్చారు. తాను అందుకోబోయే గౌరవాన్ని ముందే ఆ పేర్లకి ఇచ్చేసి వచ్చారన్నమాట.

తంతి మోసిన కుర్రాడు

అమెరికాలో ఇంకో కథ. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ళ అత్యున్నత పతకం మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నవాళ్ళు నాలుగు వందల డెబ్భై మందికి పైనే. వాళ్ళలో ఆఖరుగా మిగిలినవారు హెర్షెల్ వుడీ విలియమ్స్. 2022 జూన్ 29న 98 ఏళ్ళ వయసులో పోయారు. జూలై 14న ఆయన పేటికని వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనంలో, గోపురం కింద ఉంచారు. అది పెద్ద పెద్ద నాయకులకి దక్కే చోటు. ఒక పాడి రైతు కొడుకు, పదకొండు మంది పిల్లల్లో ఆఖరివాడు, పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా లేనివాడు, పొట్టిగా ఉన్నాడని మొదటిసారి సైన్యంలోకి తీసుకోనివాడు అక్కడికి చేరాడు.

1945 ఫిబ్రవరి 23న, ఇవో జిమా అనే జపాను ద్వీపంలో, ఇరవై ఒక్కేళ్ళ విలియమ్స్ మంటలు చిమ్మే యంత్రాన్ని వీపుకి కట్టుకుని నాలుగు గంటలపాటు శత్రువుల కాంక్రీటు గూళ్ళ మీదికి వెళ్ళాడు. నలుగురు తోటివాళ్ళు చుట్టూ తుపాకులతో కాపు కాశారు. ఆ నలుగురిలో ఇద్దరు ఆ రోజే చనిపోయారు. అక్టోబరు 5న అధ్యక్షుడు ట్రూమన్ పతకం మెళ్ళో వేశారు. ఆ తరవాత 77 ఏళ్ళు ఆయన ఏ సభకి వెళ్ళినా ఒకటే చెప్పారు. ఇది నాది కాదు, ఆ ఇద్దరిదీ, వాళ్ళ తరఫున నేను పెట్టుకు తిరుగుతున్నాను, అంతే అని.

ఇదంతా ఒక ఎత్తు. అసలు నన్ను పట్టేసిన సంగతి ఇంకోటి. సైన్యంలో చేరకముందు ఈ విలియమ్స్ ఊళ్ళో టాక్సీ నడిపేవాడు. ఆ పనిలో భాగంగా టెలిగ్రాములు కూడా అందించేవాడు. మీ అబ్బాయి చనిపోయాడు అనే టెలిగ్రాములు! గుమ్మంలో నిలబడ్డ తల్లుల ముఖాలు అతను చూశాడు. పతకం వచ్చినా, పేరొచ్చినా, ఆ ముఖాలు మాత్రం ఆయన్ని వదల్లేదు. యుద్ధం తరవాత మాజీ సైనికుల సంక్షేమ శాఖలో 33 ఏళ్ళు పని చేశారు. తొంభయ్యో పడిలో పడ్డాక, కొడుకుల్నీ భర్తల్నీ యుద్ధాల్లో పోగొట్టుకున్న కుటుంబాల కోసం స్మారకాలు కట్టించడం మొదలుపెట్టారు. మొదటిది 2013లో, ఆయన సొంత రాష్ట్రం వెస్ట్ వర్జీనియాలో. ఆయన పోయేనాటికి అలాంటివి వంద దాటాయి. సైనికుడికి విగ్రహాలు బోలెడున్నాయి, ఇంట్లో ఉండి పోగొట్టుకున్నవాళ్ళకి ఒక్కటీ లేదేం అన్నదే ఆయన బాధ.

ఇది చదివి మా వీధిలో ఉండే హవల్దారు బాబాయిగారింటికి వెళ్ళి పిన్నిగారికి చెప్పాను. వాళ్ళది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. అటువైపు సైన్యంలో చేరడం తరతరాలుగా ఉన్నదే. అక్కడి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, రెండు ప్రపంచ యుద్ధాలకీ మగవాళ్ళని పంపించిన ఊరది. బాబాయిగారు 1971లో తూర్పు వైపు యుద్ధంలో ఉన్నారు. అప్పటికి వాళ్ళ పెళ్ళయి ఎనిమిది నెలలు.

"ఆ రోజుల్లో మీకెలా ఉండేది పిన్నిగారూ?" అని అడిగాను.

పిన్నిగారు వత్తులు చేసుకుంటూ అన్నారు: "ఉత్తరం రాలేదని ఏడవలేదే అమ్మాయ్. ఉత్తరం రాకపోతే బాగున్నాడనే లెక్క. సైకిలు బెల్లు వినపడితే మాత్రం మా అత్తగారూ నేనూ ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకునేవాళ్ళం. తంతి ఏమో అని! కరణంగారింట్లో రేడియో ఉండేది. వార్తలప్పుడు మా మామగారు వెళ్ళేవారు, మేం వీధి గుమ్మంలో నిలబడి ఆయన నడక చూసేవాళ్ళం. నడక మామూలుగా ఉంటే పొయ్యి వెలిగించేవాళ్ళం."

యుద్ధం జరిగింది డిసెంబరు 3 నుంచి 16 వరకు. పుస్తకంలో రెండు వారాలే! ఆ రెండు వారాలూ మామగారి నడక చూసి పొయ్యి వెలిగించిన కోడలికి ఏ పతకమిస్తారు? అడగడమే గాని ఆవిడకి అలాంటి ఆశలేవీ లేవు. "పోనీలే, మనిషి వచ్చాడు కదా" అన్నారు, వత్తులు డబ్బాలో సర్దుకుంటూ.

జాబితాలో లేని పేరు

ఇప్పుడు మన దేశం సంగతికొద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షల మంది పని చేశారు. 87 వేల మంది చనిపోయారు. అప్పటి అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ అందుకున్న భారతీయుల్లో ఆఖరుగా మిగిలినవారు ఉమ్రావ్ సింగ్. హర్యానాలో ఝజ్జర్ దగ్గర పల్డా గ్రామం ఆయనది.

1944 డిసెంబరు 15 రాత్రి బర్మాలోని కలదాన్ లోయలో ఆయన ఫిరంగి దళం మీద జపాను సైనికులు విరుచుకుపడ్డారు. గుళ్ళు అయిపోయాయి. తోటివాళ్ళు పడిపోయారు. ఉమ్రావ్ సింగ్ ఫిరంగి దగ్గరుండే బరువైన ఇనప కడ్డీ చేతిలోకి తీసుకుని ఎదురు నిలబడ్డారు. ఆరు గంటల తరవాత మనవాళ్ళు వచ్చి చూస్తే, స్పృహ లేకుండా ఒంటినిండా గాయాలతో ఆయనా, చుట్టూ పదిమంది శత్రువుల శవాలూ కనిపించాయి.

యుద్ధం అయ్యింది. స్వాతంత్ర్యం వచ్చింది. ఆయన మన సైన్యంలోనే కొనసాగి, పదవీ విరమణ చేసి సొంతూరికి వచ్చి, ఉన్న కాస్త పొలం దున్నుకున్నారు. డబ్బుకి ఇబ్బందే. ఆ పతకం అమ్మితే లక్షలొస్తాయని అడిగినవాళ్ళున్నారు. ఆయన అమ్మలేదు. అమ్మితే నాతోపాటు పోరాడి పోయినవాళ్ళకి మచ్చ తెచ్చినవాణ్ణవుతానన్నారు. చూశారా, మళ్ళీ అదే మాట! ఫ్రాన్సు తాతగారిదీ, అమెరికా ఆయనదీ, మన హర్యానా రైతుదీ ఒకటే మాట.

1995లో యుద్ధం ముగిసి 50 ఏళ్ళయిందని లండన్‌లో ఉత్సవాలు చేశారు. ఉమ్రావ్ సింగ్ వెళ్ళారు. ముఖ్య అతిథుల గుడారం దగ్గర ఆయన్ని ఆపేశారు. ఎందుకూ అంటే అక్కడున్న జాబితాలో ఆయన పేరు లేదు! గుండెల మీద విక్టోరియా క్రాస్ ఉంది, చీటీలో మాత్రం పేరు లేదు. ఉత్సవం ఏర్పాట్లు చూస్తున్న ఒక బ్రిగేడియరు ఆ పతకం గుర్తుపట్టి లోపలికి తీసుకెళ్ళారు. ఆ వెళ్ళడంలోనే అప్పటి బ్రిటన్ ప్రధాని జాన్ మేజర్‌ని కలిసి, ఈ పతకం ఉన్నవాళ్ళకిచ్చే భత్యం ఎన్నో ఏళ్ళుగా పెరగలేదన్న సంగతి కదిపారు. ఆ ఏడే అది సంవత్సరానికి 1,300 పౌండ్లకి పెరిగింది. ఆయన ఒక్కరికే కాదు, మిగిలిన అందరికీ.

2005 నవంబరు 21న ఆయన ఢిల్లీ సైనిక ఆస్పత్రిలో కన్నుమూశారు. పల్డాలో సైనిక లాంఛనాలతో దహనం చేశారు. సైన్యాధిపతి జనరల్ జె.జె. సింగ్, హర్యానా ముఖ్యమంత్రి వచ్చారు. తుపాకులు పేల్చారు. అంతా పద్ధతిగా జరిగింది.

మంచిదే. కానీ నాకు ఆ తుపాకుల చప్పుడు కంటే, పదేళ్ళ ముందు గుడారం దగ్గర జాబితాలో వేలు పెట్టి వెతికిన ఆ క్షణమే ఎక్కువ గుర్తుండిపోయింది. పోయాక చేసే లాంఛనానికి ఎవరి పేరూ తప్పిపోదు. బతికున్నప్పుడే తప్పిపోతుంది!

గుమ్మం దాకా వచ్చిన గౌరవం

బతికుండగా గౌరవించడమెలాగో మన తిరుపతిలోనే ఒక ఉదాహరణ జరిగింది. 1971 విజయానికి 50 ఏళ్ళు నిండే సందర్భంగా 2020 డిసెంబరు 16న ప్రధాని ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం దగ్గర నాలుగు కాగడాలు వెలిగించి దేశం నాలుగు వైపులా పంపించారు. ఆ యుద్ధంలో పరమవీర చక్ర, మహావీర చక్ర పొందినవాళ్ళ ఊళ్ళకి ఆ కాగడాలు వెళ్ళాయి. ఆ ఊళ్ళ మట్టిని ఢిల్లీ స్మారకానికి తీసుకెళ్ళే ఏర్పాటు కూడా చేశారు.

అలా 2021 ఫిబ్రవరి 18న ఆ కాగడా తిరుపతి వచ్చింది. అక్కడ మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారున్నారు. 1971లో గూర్ఖా దళానికి లెఫ్టినెంట్ కల్నల్‌గా నాయకత్వం వహించి, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని దర్శన, ఝెనిదా ప్రాంతాల్లో పోరాడి మహావీర చక్ర అందుకున్నవారు. అప్పటికి తొంభై దాటిన వయసు. ఆయన్ని ఎక్కడికో వేదిక మీదికి రమ్మనలేదు. అప్పటి ముఖ్యమంత్రి ఆయన ఇంటికే వెళ్ళి సత్కరించారు.

నాకు ఇందులో నచ్చింది ఆ ఇంటికి వెళ్ళడం. ముసలివాళ్ళని ఎండలో కుర్చీల్లో కూర్చోబెట్టి, మంత్రిగారు వచ్చేదాకా మూడు గంటలు ఆపి, శాలువా కప్పి ఫొటో తీసి పంపించే సన్మానాలు మనం చూడనివా? మనిషి ఓపిక చూసి, వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి దండం పెట్టడమే పద్ధతి. మన పెళ్ళిళ్ళలో మంచం దిగలేని మామ్మగారి గదిలోకి కొత్త దంపతుల్ని తీసుకెళ్ళమూ? అదే ఇది.

పతకం అందుకునే చేతులు

ఇంకో సంగతి మనం తప్పక గుర్తుంచుకోవాలి. పోయాక ఇచ్చే పతకాన్ని అందుకోవడానికి ఎవరో ఒకరు మెట్లెక్కాలి కదా. ఎక్కువసార్లు ఆ ఎక్కేది ఆడవాళ్ళే.

1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులకి ఎదురు నిలిచి ప్రాణం ఇచ్చిన అబ్దుల్ హమీద్ పరమవీర చక్రాన్ని 1966 జనవరి 26న రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారి నుంచి అందుకున్నది ఆయన భార్య రసూలన్ బీబీ. ఆవిడ ఆ తరవాత 53 ఏళ్ళు బతికారు. ఏటా సెప్టెంబరు 10న ఉత్తరప్రదేశ్‌లోని తమ ధాముపూర్ గ్రామంలో భర్త జ్ఞాపకార్థం సభ జరిపించేవారు. బతికుండగా ఒక్కసారైనా సైన్యాధిపతి ఆ సభకి వస్తే బాగుండునని అడిగారు. 2017లో జనరల్ బిపిన్ రావత్ ఆ పల్లెకి వెళ్ళారు. 2019 ఆగస్టు 2న ఆవిడ పోయారు. కోరిక చిన్నదే. తీరడానికి 52 ఏళ్ళు పట్టింది.

మన సూర్యాపేట వీరుడు కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చనిపోతే, 2021 నవంబరులో ఆయన మహావీర చక్రను అందుకోవడానికి రాష్ట్రపతి భవన్‌లో తల్లీ భార్యా కలిసి నడిచారు. ఆ దృశ్యం టీవీలో చూసి మనలో ఎంతమందిమి కొంగుతో కళ్ళు తుడుచుకున్నామో! అత్తాకోడళ్ళిద్దరూ ఒకే పతకాన్ని పట్టుకున్నారు. ఒకరు కన్నవాణ్ణి ఇచ్చారు, ఒకరు కట్టుకున్నవాణ్ణి ఇచ్చారు.

అసలు ఆ పరమవీర చక్రానికి రూపం ఇచ్చింది కూడా ఒక స్త్రీయే. ఆవిడ పేరు సావిత్రీ ఖనోల్కర్. పుట్టింది స్విట్జర్లాండ్‌లో. మన సైనికాధికారిని పెళ్ళాడి, మన సంస్కృతం, పురాణాలు నేర్చుకుని మనలో ఒకరైపోయారు. ఇంద్రుడి వజ్రాయుధం కోసం తన ఎముకలే ఇచ్చేసిన దధీచి మహర్షి కథ నుంచి ఆ వజ్రాన్ని తీసి పతకం మీద చెక్కించారు. విధి చూడండి, మొట్టమొదటి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ ఆవిడ పెద్దమ్మాయికి స్వయానా బావగారు. పోయాకే ఇచ్చిన పతకం అది. తాను గీసిన బొమ్మ తన వియ్యాలవారింటికే, కన్నీళ్ళతో చేరింది.

ఆఖరి దాకా ఆగనక్కర్లేదు

హవల్దారు బాబాయిగారికి వీరపతకాలేవీ లేవు. యుద్ధంలో పాల్గొన్న అందరికీ ఇచ్చిన పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉన్నాయి. అవి పాత బిస్కెట్ డబ్బాలో, పిన్నిగారి మందుల చీటీల కింద ఉంటాయి. మొన్న నవంబరులో ఆయన పింఛను కోసం బతికే ఉన్నట్టు పత్రం ఇవ్వడానికి ఒక బ్యాంకుకి వెళ్ళారు. వేలిముద్రలు పడలేదు. రేపు రండి అన్నారు. మర్నాడు మిషను పని చెయ్యలేదు. మూడోరోజు పని అయ్యింది. ఇంటికొచ్చి నవ్వుతూ, "అమ్మాయ్, మూడ్రోజుల తరవాత బతికానే!" అన్నారు.

ఆయన నవ్వారు గాని పిన్నిగారు నవ్వలేదు. "మీరు బతికున్నప్పుడే ఇంత అయితే, మీ తరవాత నా పేరు కనపడుతుందా వాళ్ళకి?" అన్నారు.

ఆ మాట అందరం ఆలోచించవలసినదే. 1971లో ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు ఇవాళ డెబ్భై అయిదు చుట్టూ ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఇప్పుడే చెయ్యవలసిన పనులు కొన్నున్నాయి. డిశ్చార్జి పుస్తకం, పింఛను మంజూరు పత్రం ఎక్కడున్నాయో భార్యకి తెలిసి ఉండాలి. ఆ రెంటిలోనూ, ఆధార్ కార్డులోనూ ఆవిడ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు ఒకచోట, ముద్దుపేరు ఇంకోచోట ఉండటం మన ఇళ్ళల్లో మామూలే. ఆ తేడా ఆయన ఉండగా సరిచేయించుకోవడం తేలిక. ఆయన పోయాక, ఆ దుఃఖంలో, ఆవిడ ఒక్కతీ ఆఫీసుల చుట్టూ తిరగడం చాలా కష్టం. జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలున్నది ఇలాంటి సాయానికే. రక్షణ పింఛన్లు ఇప్పుడు స్పర్శ్ అనే కంప్యూటరు పద్ధతిలోకి వచ్చాయి కాబట్టి చదువుకున్న కోడలో మనవరాలో ఓ గంట కూర్చుంటే వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపెట్టవచ్చు.

మేం అదే చేశాం. ఓ ఆదివారం మధ్యాహ్నం పిన్నిగారి కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంటే, పింఛను పత్రంలో ఆవిడ పేరు చివర ఒక అక్షరం తేడా కనిపించింది. దిద్దించడానికి దరఖాస్తు పెట్టాం. ఒక అక్షరమే కదా అనుకోకండి. ఉమ్రావ్ సింగ్ గారిని గుడారం బయట నిలబెట్టింది కూడా ఒక కాగితమే.

కాగితాల పని అయ్యాక బాబాయిగారిని అడిగాను, మీ దళంలో తిరిగి రానివాళ్ళ పేర్లు గుర్తున్నాయా అని. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత ఒక్కొక్కటే చెప్పారు. పదకొండు పేర్లు. ఊళ్ళతో సహా. మా అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. పన్నెండో పేరు కోసం ఆయన నుదురు రుద్దుకుంటుంటే, లోపలి నుంచి పిన్నిగారు అందించారు. ఆయన ఎప్పుడో 1972లో సెలవు మీద వచ్చినప్పుడు చెప్పిన పేరట. యాభై ఏళ్ళు ఆవిడ దాచిపెట్టారు.

ఆఖరి సైనికుడికి దేశం పెట్టే దండం ఎవరికి చెందుతుందో ఆ ఆఖరివాళ్ళే మనకి చెప్పి వెళ్ళారు. పక్కన పడిపోయినవాడికి, గుమ్మంలో నిలబడిపోయిన ఆవిడకి. అయితే ఆ దండం పెట్టడానికి ఒక్కరే మిగిలేదాకా ఆగడం ఎందుకు? మీ వీధిలోనో, మీ పుట్టిల్లున్న ఊళ్ళోనో ఇలాంటి తాతగారో, ఆయన తరవాత మిగిలిన మామ్మగారో తప్పకుండా ఉంటారు. సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని ఓసారి వెళ్ళిరండి. శాలువా అక్కర్లేదు. ఓ నోటుపుస్తకం, ఓ పెన్నూ పట్టుకెళితే చాలు.